గాజుతొట్టిలో బొగ్గుపులుసు వాయువు

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల చెరువులలో నాచు దట్టమైనపుడు తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచుట మనమెరుగుదుము. మొక్కలు పగటి వెలుతురున బొగ్గుపులుసు వాయువును గ్రహించి ప్రాణవాయువు నిచ్చును. రాత్రి అవియు చేపలవలెనే ప్రాణవాయువును వాడుకొనును.

ఇంటిలోని గాజుతొట్టికిని ఇదియే ధర్మము. మొక్కల కొరకు వాయువు నింపిన సిలిండరు అమర్చువారు దీపము వెలిగించుటకు గంట ముందు కవాటము తెరచి, ఆర్పుటకు గంట ముందు మూయవలెను. కవాటమును కొద్దికొద్దిగానే త్రిప్పవలెను. తొట్టిలోని సూచకద్రవము నీలమైనచో వాయువు తక్కువ, ఆకుపచ్చయైనచో లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు, అది చాలును, పసుపైనచో ఎక్కువ.

అయితే ఆ రంగు మారుటకు గంట రెండు గంటలు పట్టును. కావున ముందుగా చేపలనే చూడవలెనని మా మనవి. అవి పైకి వచ్చి ఊపిరికై తపించినచో వెంటనే కవాటము మూసి, నీటికి గాలి పట్టింపుడు.