కరాటేకి సముద్రం ఖర్చు

ఐదు నిమిషాలే ఇచ్చారు, నేరుగా లెక్కల్లోకి వస్తాను.

బి.పి. మాత్రలు మొదలైన నెలలోనే, 42వ ఏట, మా అమ్మాయితో పాటు నేనూ ఇక్కడ పోర్ట్ బ్లెయిర్‌లో (శ్రీ విజయపురం అనడం ఇంకా నోటికి అలవాటు కాలేదు) కరాటే క్లాసులో చేరాను. ఇద్దరికీ కలిపి నెలకు 1,500 ఫీజు. తెల్ల డ్రెస్సు నాకు నాలుగేళ్లుగా అదే. అమ్మాయికి ఏటా పొట్టయిపోతుంది. ఇంతవరకు ఫరవాలేదు.

బెల్టు రంగు మారిన ప్రతిసారీ పరీక్ష ఫీజు కట్టాలి. 1924లో ఫునకోషి టోక్యోలో తన శిష్యులకు తొలి బ్లాక్ బెల్టులు ఇచ్చారు. జూడో నుంచి తెచ్చుకున్న పద్ధతి అది. మాకేమో ఆ పరీక్ష చెన్నైలో. ఓడలో పోవడానికే మూడు రోజులు, అంత సెలవు దొరకదు. విమానం టికెట్లు వేసవి సెలవుల్లో ముట్టుకోలేం. ఎం.బి.ఏ.లో ఫిక్స్‌డ్ కాస్ట్, వేరియబుల్ కాస్ట్ చదివాను. సముద్రం ఖర్చు గురించి ఎవరూ చెప్పలేదు.

కిందటేడు ఇద్దరికీ పిలుపొచ్చింది. ఆర్.డి. డబ్బు ఒక్కరికే సరిపోయింది. ఎల్.ఎఫ్.సి. వాడదామంటే, అది శ్రీకాకుళంలో ఉన్న అమ్మను చూడటానికి దాచుకున్నది. అమ్మాయిని మాస్టారి వెంట పంపాను. బ్లాక్ బెల్టుతో తిరిగొచ్చింది. నాది ఇంకా బ్రౌనే. క్లాసులో ఇప్పుడు ముందు నేనే తనకు వంగి నమస్కరించాలి!

పిల్లల్ని చేర్పించేవాళ్లు నెల ఫీజుతో పాటు పరీక్ష ఏ ఊళ్లోనో కూడా అడగండి. పదిహేను మంది పోగైతే ఎగ్జామినర్‌నే ఇక్కడికి రప్పిద్దామంటున్నారు మాస్టారు. ఇప్పటికి పదకొండు మందిమి. పేరిచ్చేవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవండి.