పాల బండిలో హఠాత్తుగా కరెంటు పోతే

(పాల సంఘాల కార్యదర్శుల శిక్షణా తరగతిలో ఒక సంఘ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి పశుగ్రాసం గురించి, గాలికుంటు టీకాల గురించి విన్నారు. పాలు తెచ్చే బండి గురించి నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను మెకానిక్‌ను కాను. మా సంఘంలో జరిగిన ఒక పొరపాటు ధూల్‌పేట్‌లో ఎలా బయటపడిందో చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉన్నది గనుక దాచకుండానే చెబుతాను.

మాది పాత పెట్రోలు వ్యాను. వెనుక సీట్లు తీయించి నలభై లీటర్ల క్యాన్లు నాలుగు పట్టేలా అడుగున రేకు వేయించాము. తెల్లవారుజామున తండాల దారిలో వెలుతురు చాలడం లేదని ముందు రెండు పెద్ద లైట్లు పెట్టించాము. పాలు పోసే చోటనే వెన్న శాతం చూడవచ్చునని పరీక్ష యంత్రం కోసం ఒక ఇన్వర్టరు కూడా బిగించాము. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండి తయారైన తీరును మన ఇష్టం వచ్చినట్లు మార్చరాదు. సీట్లు తీసేముందే రవాణా కార్యాలయంలో అడగవలసింది. మేము తరువాత అడిగాము, తిప్పలు పడ్డాము. అది వేరే కథ.

ఒక వేసవి ఉదయం మూడు క్యాన్ల పాలతో వస్తున్న బండి దారిలో ఆగిపోయింది. హారను లేదు, లైటు లేదు, తాళం తిప్పితే టిక్కుమన్న చప్పుడు కూడా లేదు. మా డ్రైవరు పిల్లవాడు గంటన్నర అక్కడే అవస్థ పడ్డాడు. ఆ తరువాత మళ్లీ తాళం తిప్పితే ఏమీ జరగనట్లే స్టార్టయింది! శీతలీకరణ కేంద్రానికి చేరేసరికి పది దాటింది. అక్కడ పాలు కాచి చూశారు, విరిగిపోయాయి. నూట ఇరవై లీటర్లు వాపసు వచ్చాయి. ఎండ వేడిలో పాలలోని సూక్ష్మజీవులు అరగంటకొక రెట్టింపు పెరుగుతాయి. పిండిన పాలు మూడు నాలుగు గంటల లోపల చల్లబడాలని మీ అందరికీ తెలిసినదే.

పాలకవర్గం సమావేశంలో డ్రైవరును నిలదీశాము. “బండి తనంతట తానే ఆగి, తనంతట తానే నడుస్తుందా? టీ కొట్టు దగ్గర కూర్చుని ఉంటావు” అన్నవారిలో నేనూ ఉన్నాను. అతని జీతంలో కొంత పట్టుకున్నాము. ఎందుకైనా మంచిదని కొత్త బ్యాటరీ కూడా కొన్నాము. ఎవరూ ఏదీ పరీక్షించి చూడలేదు. గొడ్డుకు జ్వరం వస్తే థర్మామీటరు పెట్టకుండా సూది వేస్తామా?

వినాయక చవితి దగ్గర పడింది. మా వైపు ఊళ్ల వారు విగ్రహం కోసం ధూల్‌పేట్‌కు వెళ్లడం వాడుక. పురానాపూల్ దాటి ఆ సందుల్లోకి వెళితే ఇంటింటి ముందూ విగ్రహాలే. సంక్రాంతికి అవే ఇళ్లలో గాలిపటాలు. సాయంత్రం పాలు దించాక అదే వ్యానులో మూడడుగుల మట్టి వినాయకుని తీసుకురావడానికి డ్రైవరు, నేను, ఇద్దరు కుర్రవాళ్లు వెళ్లాము. విగ్రహం ఎక్కించుకుని, జుమేరాత్ బజారు వైపు తిరిగేటప్పుడు చీకటిగా ఉన్నదని పెద్ద లైట్లు వేశాము. పది నిమిషాలకు బండి మొత్తం ఆరిపోయింది. వెనుక నుంచి హారన్లు, చుట్టూ జనం, లోపల దేవుడు. డ్రైవరు నా ముఖం చూశాడు. “ఇప్పుడు నేను టీ తాగడానికి ఆపిన్నా సారూ?” అన్నాడు. నేనేమని జవాబు చెప్పగలను?

పక్క సందులో బండ్ల కరెంటు పనిచేసే పెద్దాయన ఒకరు వచ్చారు. స్పానరు పట్టుకోలేదు. “ముందు చెప్పుండ్రి. లైట్లు సన్నగ అయ్యి పోయినయా, ఒక్కసారే పోయినయా?” అని అడిగారు. ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న. దీపాలు క్రమంగా మందగించి పోతే డైనమో గాని దాని బెల్టు గాని బ్యాటరీని నింపడం లేదని అర్థం. ఒక్క దెబ్బకు అంతా పోతే బ్యాటరీ నుంచి బండికి వెళ్లే పెద్ద దారి ఎక్కడో తెగినట్లు లెక్క. అనగా టెర్మినలు, ఎర్తు పట్టీ, మెయిన్ ఫ్యూజు లేదా మధ్యలో ఏదైనా జాయింటు. లైట్లు, హారను ఉండి ఇంజను ఒక్కటే ఆగితే తాళం స్విచ్చి వైపు చూడాలి. పాత డీజిల్ జీపు అయితే కరెంటు పోయినా ఇంజను ఆగకపోవచ్చు. పెట్రోలు బండికి కరెంటు లేకపోతే మంట లేదు.

ఆయన మొదట బ్యాటరీ క్లాంపులను చేత్తో తిప్పి చూశారు, కదలలేదు. మీటరు పెడితే 12.5 వోల్టులు. “బ్యాటరీ బిల్కుల్ ఠీక్ ఉంది” అన్నారు. మా కొత్త బ్యాటరీ డబ్బు వృథా అని అక్కడే తేలింది. ఫ్యూజు పెట్టె దగ్గర మీటరు పెడితే అక్కడా దాదాపు 12 చూపించింది! నేనైతే అక్కడితో ఆగిపోయేవాడిని. ఆయన లైట్ల స్విచ్చి వేయించి మళ్లీ చూశారు. సున్నాకు పడిపోయింది. మీటరు లాగే కరెంటు చాలా స్వల్పం గనుక వెంట్రుకవాసి అంటుకుని ఉన్న తీగలో కూడా వోల్టేజి నిండుగా కనిపిస్తుంది. భారం పెట్టినప్పుడే బలహీనత తెలుస్తుంది. అందుకే మీటరు లేకపోయినా ఒక బల్బుకు రెండు తీగలు కట్టి పరీక్షించేవారు ఎక్కువ సార్లు నిజం కనిపెడతారు.

ఇక మీటరు ఒక కొస బ్యాటరీ పాజిటివ్ మీద ఉంచి, లైట్లు వేసి, రెండవ కొసను తీగ వెంట ఒక్కొక్క చోటు ముందుకు జరిపారు. తీగ బాగుంటే ఈ పరీక్షలో అర వోల్టు కంటే తక్కువ చూపాలి. సీటు కింద టేపు చుట్టిన ఒక ఉండకు ఇవతల దాదాపు ఏమీ లేదు. అవతల 12 దాకా ఎగిరింది. “ఇన్వర్టర్‌కు లైన్ యాడికెల్లి గుంజిన్రు?” అన్నారు. టేపు విప్పితే రాగి నల్లబడి, ఆకుపచ్చ తుప్పు పట్టి, చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉన్నది. బ్యాటరీ నుంచి బండి మొత్తానికి వెళ్లే ఒకే ఒక తీగను గీకి, దానికే పెద్ద లైట్లకూ ఇన్వర్టరుకూ తీగలు మెలివేశారు. టంకం లేదు, లగ్గు లేదు.

లెక్క చూడండి. 60 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది. 100 వాట్లదైతే 8కి పైన. కరెంటు ఒకటిన్నర రెట్లు దాటితే జాయింటులో వేడి రెండున్నర రెట్లు దాటుతుంది. ఇన్వర్టరు మీద 300 వాట్ల భారం పెడితే 25 నుంచి 30 ఆంపియర్లు. వేడికి జాయింటు వదులై తెగుతుంది, చల్లారాక మళ్లీ అంటుకుంటుంది. ఆనాడు గంటన్నర తరువాత బండి తనంతట తానే నడిచింది ఇందుకే. పిల్లవాడు చెప్పింది అక్షరాలా నిజం.

ఆ రాత్రి ఆయన కాలిన ముక్క కోసేసి, లగ్గు నొక్కి కలిపి, లైట్లూ ఇన్వర్టరూ విప్పేసి మమ్మల్ని పంపారు. తరువాత లైట్లకు బ్యాటరీ నుంచి వేరే తీగ, బ్యాటరీకి జానెడు లోపలే దానికొక ఫ్యూజు, ఒక రిలే పెట్టించాము. ఇన్వర్టరు మళ్లీ పెట్టనే లేదు. మా పరీక్ష యంత్రం వెనుక చూస్తే 12 వోల్టుల డీసీ మీద నడుస్తుందని రాసే ఉన్నది! అట్టి యంత్రాలు చాలా ఉన్నాయి, మీరు కూడా వెనక్కి తిప్పి చూసుకోండి.

రెండు హెచ్చరికలు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ క్లాంపు ఊడదీసి డైనమో పనిచేస్తున్నదో లేదో చూసే అలవాటు కొందరికి ఇంకా ఉన్నది. ఇప్పటి ఆల్టర్నేటరు బండ్లలో అలా చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగసి డయోడ్లు, కంప్యూటరు పెట్టె కాలిపోతాయి. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద మీటరు పెడితే చాలు, సుమారు 13.8 నుంచి 14.4 చూపాలి. రెండవది, ఫ్యూజు పోతే సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టరాదు. ఫ్యూజు బదులు తీగ కాలుతుంది, పక్కనే పెట్రోలు ఉంటుంది.

తరువాతి సమావేశంలో డ్రైవరు జీతంలో పట్టుకున్న సొమ్ము తిరిగి ఇస్తూ తీర్మానం చేశాము. కాలిన ఆ తీగ ముక్కను కార్యాలయంలో మేకుకు తగిలించాము. పోయిన పాల డబ్బు మాత్రం సంఘం ఖాతాలో నష్టంగానే మిగిలింది.

మా వ్యాను బయట చెట్టు కింద ఉన్నది, డ్రైవరు కూడా వచ్చాడు. భోజనాల తరువాత మీటరుతో ఈ పరీక్ష అతనే చేసి చూపిస్తాడు. మీ బండ్లు తెచ్చినవారు దగ్గరకు తెచ్చి నిలపండి. బ్యాటరీ దగ్గర బీడీలు మాత్రం వద్దు.