చిన్న ఏటి వరద
(ప్రసంగ పాఠము)



ఈ రోజుల్లో ఎవరిని పలకరించినా "ఊపిరి తీసుకునే తీరిక లేదండీ" అనే జవాబే వస్తుంది. పిల్లల ఫీజులు, బ్యాంకు వాయిదాలు, పెద్దవారి మందులు, ఇంటర్ చదివే అబ్బాయి మార్కులు. వీటిలో చాలావరకు విడిగా వస్తే మోయగలిగినవే. అన్నీ ఒక్కసారిగా మీద పడినప్పుడే మనిషి కుంగిపోతాడు. ఈ సంగతిని మన ఊరి నీళ్ళే మనకు నేర్పాయి.

2024 సెప్టెంబరు 2వ తేదీన ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బ్యారేజీ కట్టిన తరువాత అంత వరద ఎన్నడూ నమోదు కాలేదు. 70 గేట్లూ ఎత్తారు. కృష్ణమ్మ సముద్రము దారి పట్టింది. నది ఒడ్డున ఉన్నవారు నష్టపోలేదని కాదు. కాని సింగ్ నగర్‌ను, పాయకాపురాన్ని రోజుల తరబడి ముంచినది కృష్ణ కాదు, బుడమేరు. మామూలు రోజుల్లో వంతెన దాటుతూ మనము తల తిప్పి కూడా చూడని ఏరు అది. దాని దారి ఏనాడో ఇరుకైపోయింది. గట్లకు గండ్లు పడ్డాయి. పోయే చోటు లేక నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి.

మన మనస్సు తీరు కూడా ఇంతే. పెద్ద కష్టము వస్తే చుట్టాలు వస్తారు, విచారణలో అందరూ ప్రార్థిస్తారు. చిన్న చింతలను మాత్రము "ఇదీ ఒక బాధేనా" అని మనమే అణచిపెడతాము. చివరకు ముంచేవి అవే.

అయితే ఏమి చేయాలి? మొదట కొలవాలి. బ్యారేజీ వద్ద 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండవది ఇస్తారు. నీరు కాస్త పెరగగానే రెండవ హెచ్చరిక ఇవ్వరు. నిజముగా పెరిగినప్పుడు ఊరుకోరు. మనమో, పాలు విరిగినా, పిల్లవాడికి రెండు మార్కులు తగ్గినా ఇంట్లో రెండవ హెచ్చరిక ఎగురవేస్తాము! రాత్రి పడుకునే ముందు ఒక కాగితము మీద చింతలన్నీ వ్రాయండి. రేపే చేయవలసినవి, ఈ నెలలో చేయవలసినవి, మన చేతిలో లేనివి అని మూడుగా విడదీయండి. మొదటి వరుస ఎంత చిన్నదో మీరే చూస్తారు.

రెండవది, నీటిని ఏ రోజుకు ఆ రోజు వదలాలి. భార్య భర్తతో, కొడుకు తండ్రితో పది నిమిషాలు మనస్సు విప్పి మాట్లాడే అలవాటు ఉంటే గట్టు తెగదు. వినేవారు వెంటనే తీర్పు చెప్పకుండా వినాలి.

మూడవది, శరీరాన్ని మరువరాదు. ఏలియా ప్రవక్త ఎడారిలో ఒక చెట్టు క్రింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణము తీసుకొనుమని దేవుని వేడుకున్నాడు. దేవదూత ఆయనకు ఉపదేశము చేయలేదు. తట్టి లేపి, రొట్టె, నీళ్ళు చూపి, తినమన్నాడు. ఆయన తిని మళ్ళీ పడుకున్నాడు. దూత రెండవసారి లేపి మళ్ళీ తినమన్నాడు. ఆ పిమ్మటనే ప్రయాణము. ఇంట్లో ఎవరైనా "ఇక నా వల్ల కాదు" అంటే ముందు కడుపుకు అన్నము, కంటికి నిద్ర; హితబోధ తరువాత.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, అన్నము సహించకపోయినా, ఇష్టమైన పని మీద కూడా మనస్సు పోకపోయినా అది విశ్వాసము కొరత కాదు. డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. బ్రతుకు వద్దనిపిస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగకూడదు. వారిని ఒంటరిగా వదలకూడదు. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరులో పగలూ రాత్రీ ఉచితముగా ఫోను చేయవచ్చు. జ్వరానికి మందు వేసుకుంటూ ప్రార్థన చేస్తాము గదా, దీనికీ అంతే.

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మన గుణదల కొండ మెట్ల మీద నిలబడి చూడండి. ప్రతివారి చేతిలోనూ ఒక కొవ్వొత్తి, ప్రతివారి గుండెలోనూ ఒక మొర. బరువు మోసేది మనమొక్కరమే కాదు. ప్రక్కన నడిచేవారిని "మీ ఇంట్లో ఎలా ఉంది?" అని అడగండి; జవాబు పూర్తయ్యేవరకు ఆగండి. ఎక్కడో ఒక గట్టు తెగకుండా నిలుస్తుంది.