విన్యాస విమానములలో ఇంజను బలము, బరువు

మా బద్వేలు ప్రాంతపు బండలాగుడు పందెములను మీలో పెక్కురు చూచియే యుందురు. అచ్చట ఎద్దునకు కండతోపాటు బరువును తోడుపడును. గిట్ట నేలను పట్టవలెను గదా! ఆకాశమున ఈ న్యాయము తలక్రిందులగును. అచ్చట లాగునది తన్ను తానుగూడ మోసికొనవలెను.

నేను చెప్పబోవునవి పిల్లల ఆటబొమ్మలు కావు. రెక్కల కొసనుండి కొసకు రెండు మీటర్లు మించి, నేలమీది మనిషి రేడియోతో నడుపగా పల్టీలు కొట్టు విమానములు. ఇవి ముక్కు మింటికెత్తి, కదలక వ్రేలాడునపుడు రెక్కలు నిరుపయోగములు. బరువంతయు ప్రొపెల్లరు లాగుడుమీదనే యుండును. కావున లాగుడు బరువును మించితీరవలెను.

1903లో రైటు సోదరుల ఇంజను సుమారు 80 కిలోల బరువుండి 12 అశ్వశక్తుల నిచ్చినది. నేడు 50 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను 1.3 కిలోలుండి 5 అశ్వశక్తుల నిచ్చుచున్నది. 100 ఘన సెంటీమీటర్లదియో, సుమారు 2.6 కిలోలు, 10 అశ్వశక్తులు. కిలోకు లెక్కించిన రెండును ఒకటే! పెద్ద ఇంజనువలని లాభ మెందున్నది? విమానము రెట్టింపు బరువు కాకుండుటలో నున్నది. అయినచో లాభమంతయు హుళక్కి.

మన ఎండయు లెక్కలోనిదే. 15 డిగ్రీలయొద్ద ఘనమీటరు గాలి 1.225 కిలోలు తూగును. 42 డిగ్రీలయొద్ద 1.12 మాత్రమే. పలుచని గాలిలో ఇంజనుకు ఊపిరి తక్కువ, ప్రొపెల్లరుకు పట్టు తక్కువ.

ఒక వేసవిని ఎండిన చెఱువులో ఒక యువకుని విమానమును చూచితిని. కొత్తలో అది 8 కిలోలు. కూలినప్పుడెల్ల అతికిన చెక్క, పూసిన జిగురు, మార్చిన చక్రములు కలిసి 9.5 అయినవి. అతడు కాటాపై ఎన్నడు నుంచలేదు! తెల్లవారుజామున తోకకు స్ప్రింగు త్రాసు కట్టి చూడగా లాగుడు 10.5 కిలోలు. మిగులు ఒక్క కిలో. మధ్యాహ్నమునకు అందులో సగము కరిగినది. విమానము తలయెత్తి వ్రేలాడెను, మెల్లగా జాఱసాగెను. అతడు ఇంజను నంతయు తెఱచెను, గాని జాఱుడు నాపుటకు ఆ సగము కిలో చాలలేదు. తోక నేలకు తగిలి విఱిగినది.

ఇంజను పాడని చూచినవారందఱు తీర్పు చెప్పిరి. పెద్దది కొనుమని కొందఱు సలహాయిచ్చిరి. ఇంజను పాపమేమియు లేదని నా యభిప్రాయము. అతడును అట్లే తలచెను కాబోలు, ఆ రాత్రియే పాత అతుకులను ఊడదీసి, ఒక్కొక్కదానినే కాటాపై నుంచి కాగితముపై వ్రాసికొనసాగెను.