స్టేటస్ పెట్టింది కొడుకు, బండి మూసింది తల్లి

(దొరవారిసత్రంలో జరిగిన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ సభలో నన్ను చదువు గురించి మాట్లాడమంటారు. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి నాకది సులువు. ఎంతమందికి ఫీజులు కట్టాం, ఎంతమంది పాసయ్యారు అనే లెక్కలు కార్యదర్శి గారి నివేదికలో ఉన్నాయి, చదువుకోండి. ఈసారి వేరే సంగతి చెబుతానని అనుమతి అడిగాను. సెల్‌ఫోన్లో ఒకడు తప్పు మాట రాస్తే మనమందరం కలిసి ఎవరి మీద పడతామన్నది ఆ సంగతి. ఇందులో నా తప్పు కూడా ఉంది. అందుకని చెప్పడం కొంచెం కష్టంగానే ఉంది, ఓపిక పట్టండి.

మూడేళ్ళ కిందటి మాట. మన సొసైటీ ఫీజు కడుతున్న పిల్లల్లో ఒకడు, డిప్లొమా రెండో ఏడు చదువుతున్నవాడు, ఒకనాటి రాత్రి పదకొండు గంటలకు వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాడు. పక్క వీధివాళ్ళ పండుగ ఊరేగింపు మీద ఎగతాళి బొమ్మ, దాని కింద ఒక మాట. ఆ మాట ఏందో ఇక్కడ చెప్పను. చెబితే నేనూ ఇంకోసారి పంచినట్టే. తప్పుడు మాట. నమ్మకం ఉన్న ఏ మనిషికైనా నొప్పి కలిగించే మాట. అందులో నాకు అనుమానం లేదు.

స్టేటస్ అనేది ఇరవై నాలుగు గంటలకు దానంతట అది పోతుంది. ఆ రాత్రి దాన్ని చూసింది ముప్పై ఏడు మంది. వాడి ఫోన్లో ఆ లెక్క నేనే చూశాను. ఆ ముప్పై ఏడు మందిలో ఎవరో స్క్రీన్‌షాట్ తీశారు. తెల్లారేసరికి అది నాయుడుపేట నుంచి సూళ్ళూరుపేట దాకా గ్రూపుల్లో తిరుగుతోంది. ఒకరు వాడి తండ్రి పేరు చేర్చారు. ఇంకొకరు తల్లి ఇడ్లీ బండి ఎక్కడుందో రాశారు. మూడోవాడెవడో, వాడి ఖాతాలో ఉన్న కుటుంబం ఫొటోలోంచి చెల్లెలి ముఖం కత్తిరించి పెట్టాడు. ఆ పిల్ల అప్పుడు తొమ్మిదో తరగతి.

మధ్యాహ్నానికి ఇంటి ముందు పాతికమంది చేరారు. పోలీసులు వచ్చి వాళ్ళను పంపేశారు. వాణ్ణి స్టేషనుకు తీసుకుపోయి మాట్లాడి, కాగితం రాయించుకున్నారు. చట్టం చేయాల్సిన పని అక్కడికి అయింది. మన పని అక్కడ మొదలైంది.

ఆ తల్లి పన్నెండేళ్ళుగా తెల్లారుజామున లేచి ఇడ్లీ వేసి ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. మర్నాడు బండి దగ్గరికి ఎవరూ పోలేదు. నొచ్చుకున్నవాళ్ళు పోలేదంటే అర్థం చేసుకోవచ్చు. మనవాళ్ళూ పోలేదు. అక్కడ నిలబడి తింటుంటే ఎవరైనా ఫొటో తీసి పెడతారేమోనని భయం. ఫజర్ నమాజు తర్వాత రోజూ అక్కడే నాలుగు ఇడ్లీ తినే నేను, ఆ వారం హైవే మీది హోటల్‌కు పోయాను. తొమ్మిదో రోజున ఆమె బండి మూసేసింది.

ఇక సొసైటీ కార్యవర్గం సమావేశమైంది. ఇలాంటివాడికి దాతల డబ్బు ఎందుకని మొట్టమొదట అడిగింది నేనే. చేయి ముందు ఎత్తిందీ నేనే. పది నిమిషాల్లో ఫీజు ఆపేస్తూ తీర్మానం రాశాం. వాణ్ణి పిలిచి ఒక్క మాట అడుగుదామని మాలో ఒక్కరికీ తోచలేదు. బళ్ళో ముప్పై ఏళ్ళు, గోడ మీద రాసిన పిల్లవాణ్ణి కూడా ఎందుకు రాశావని అడగకుండా బెత్తం తీసినవాణ్ణి కాను. ఆ రోజు ఆ మాత్రం కూడా చేయలేదు.

ఆ తర్వాత నేను ఇలాంటి సంఘటనలు పత్రికల్లో వెతికి చదవడం మొదలుపెట్టాను. మన ఊరి వింతేమీ కాదు ఇది. 2012 నవంబరు 17న ముంబైలో బాల్ ఠాక్రే చనిపోయారు. మర్నాడు నగరమంతా మూతబడింది. ముంబైకి ఉత్తరాన ఉన్న పాల్ఘర్‌లో ఇరవై ఒక్క ఏళ్ళ ముస్లిం అమ్మాయి, ఈ బంద్ ఎందుకన్నట్టుగా ఫేస్‌బుక్‌లో రాసింది. ఆమె స్నేహితురాలు, హిందూ అమ్మాయి, దాన్ని లైక్ చేసింది. అది బూతు కాదు, తిట్టు కాదు. అయినా ఇద్దర్నీ అరెస్టు చేశారు. గుంపు పోయి పగలగొట్టింది ఏందో తెలుసా? ఆ అమ్మాయి దగ్గరి బంధువైన ఒక డాక్టరు గారి ఎముకల ఆసుపత్రిని. ఆయన ఏమీ రాయలేదు, ఏదీ లైక్ చేయలేదు.

ఆ అరెస్టులు చూసి ఢిల్లీకి చెందిన శ్రేయా సింఘాల్ అనే యువతి సుప్రీంకోర్టుకు పోయింది. 2015 మార్చి 24న ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ను జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారీమన్‌ల ధర్మాసనం కొట్టేసింది. చలమేశ్వర్ గారు మన కృష్ణా జిల్లా వారే. అంటే ఏమైనా రాసుకోవచ్చని కాదు, పిల్లలు ఇది గట్టిగా వినండి. ఉద్దేశపూర్వకంగా ఎదుటివారి మతాన్ని అవమానిస్తే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో అదే 295ఎ. మతాల మధ్య వైరం రేపితే 196వ సెక్షను. స్టేటస్ ఇరవై నాలుగు గంటల్లో పోతుంది, కేసు పోదు.

ఇప్పుడు చెప్పబోయేది మన మనసుకు ఇంకా దగ్గరిది. 2020 ఆగస్టు 11న బెంగళూరులో ఎమ్మెల్యే అఖండ శ్రీనివాసమూర్తి బంధువు ఒకడు ప్రవక్త (స) మీద అవమానకరమైన పోస్టు పెట్టాడు. మన గుండె మండింది. మండుతుంది కూడా, ఆ ప్రేమ మనలో ఉన్నదే. కానీ ఆ రాత్రి జరిగిందేమిటి? తగలబడింది ఎమ్మెల్యే ఇల్లు. డి.జె.హళ్ళి, కె.జి.హళ్ళి పోలీసు స్టేషన్ల మీద దాడి జరిగింది. పోలీసు కాల్పుల్లో ముగ్గురు యువకులు చనిపోయారు. వందలమంది అరెస్టయ్యారు. ఎన్ఐఏ దర్యాప్తు వచ్చింది, ఉపా చట్టం పెట్టారు. బెయిలు కోసం తల్లులు ఎన్నాళ్ళు తిరిగారో ఆ వీధుల్లో అడిగితే చెబుతారు. పోస్టు పెట్టినవాణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. మనకు కావలసింది అదే కదా, దానికి ఒక ఫిర్యాదు కాగితం చాలు.

ఆ రాత్రిదే ఇంకో దృశ్యం కూడా ఉంది. అదే ప్రాంతంలో ముస్లిం కుర్రాళ్ళు కొందరు చేతులు చేతులు పట్టుకుని ఆంజనేయస్వామి గుడి చుట్టూ నిలబడ్డారు, గుడి మీదికి ఎవరూ రాకుండా. వాళ్ళకూ ఆ పోస్టు గురించి తెలుసు. వాళ్ళ గుండె మండలేదని ఎవరంటారు?

కోల్‌కతాది 2025 సంగతి. ఇరవై రెండేళ్ళ లా విద్యార్థిని మన మతాన్ని నొప్పించేలా మాట్లాడి వీడియో పెట్టింది. గొడవ కాగానే తీసేసింది, క్షమాపణ చెప్పింది. అయినా మే 30న గురుగ్రామ్‌లో అరెస్టు చేశారు. జూన్ 5న కలకత్తా హైకోర్టు బెయిలిచ్చింది. ఆమె మాట తప్పు, తప్పని చెప్పే హక్కు మనకుంది. కానీ ఆమెను చంపుతామని, మానభంగం చేస్తామని రాసినవాళ్ళున్నారే, వాళ్ళు ఎవరి గౌరవం కోసం ఆ రాతలు రాశారు? ఆడపిల్ల మీద అంత నీచమైన మాట రాసి, అది ప్రవక్త (స) ప్రేమతో రాశామంటే ఆ ప్రేమను నేను ఒప్పుకోను. ఇంకో ముచ్చట వినండి. ఆమె మీద ఫిర్యాదు చేసిన మనిషే, హిందువుల్ని నొప్పించే పోస్టులు పెట్టాడన్న కేసులో జూన్ 9న అరెస్టయ్యాడు.

తెలుగువాళ్ళందరికీ తెలిసినది ఇంకొకటుంది. 2024 జులైలో యూట్యూబర్ ప్రణీత్ హనుమంతు ఒక తండ్రీ కూతుళ్ళ వీడియో మీద నీచంగా మాట్లాడిన వ్యవహారం. నటుడు సాయి ధరమ్ తేజ్ గొంతెత్తారు, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టింది, బెంగళూరులో పట్టుకున్నారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ నా ఫోనుకు ఆ క్లిప్పు ఆరుసార్లు వచ్చింది, ఆరుసార్లూ ఖండిస్తున్నాం అన్న మాటతోనే వచ్చింది. ఆ చిన్నపిల్ల ముఖం ఆరుసార్లు చూపించారు. మా తొమ్మిదో తరగతి పిల్ల గుర్తొచ్చింది నాకు.

మళ్ళీ మన ఊరికి వస్తాను. ఫీజు ఆపిన మూడో వారంలో మన ఇమాం సాహెబ్ కార్యవర్గాన్ని కూర్చోబెట్టి, మిస్తహ్ ఎవరో తెలుసా అని అడిగారు. సగం మందికి తెలియదు. మిస్తహ్ బిన్ ఉసాసా (రజి) హజ్రత్ అబూబకర్ (రజి)కి బంధువు, పేదవాడు, బద్ర్ యుద్ధంలో పాల్గొన్నవాడు. ఆయనకు పోషణ ఇచ్చేది అబూబకరే. హజ్రత్ ఆయిషా (రజి) మీద నింద పుట్టినప్పుడు, ఆ నిందను నోట నోట మోసినవాళ్ళలో ఈ మిస్తహ్ కూడా ఉన్నాడు. ఆలోచించండి. తన చేతి అన్నం తింటూ తన కూతురి మీదే! దాదాపు నెల రోజులు ఆ ఇల్లు ఎంత నలిగిపోయి ఉంటుందో! ఆమె నిర్దోషి అని అన్-నూర్ సూరాలో ఆయతులు అవతరించాక, ఇక మిస్తహ్‌కు పైసా ఇవ్వనని అబూబకర్ ఒట్టు పెట్టుకున్నారు. ఎవరైనా అంతే అంటారు. అప్పుడు అదే సూరాలో 22వ ఆయత్ వచ్చింది, కలిగినవాళ్ళు అలాంటి ఒట్లు పెట్టుకోకూడదని, మన్నించాలని. అబూబకర్ ఆ పోషణ మళ్ళీ మొదలుపెట్టారు, ఎప్పటికీ ఆపలేదు.

ఇమాం సాహెబ్ అక్కడితో ఆగలేదు. నింద మోసినందుకు మిస్తహ్‌కు శిక్ష పడిందని హదీసు గ్రంథాల్లో ఉందని కూడా చెప్పారు. శిక్ష పడింది. పోషణ ఆగలేదు. ఈ రెండూ వేరువేరు సంగతులని మాకు ఆ రోజు దాకా తెలియదు. తెలియకపోవడం ఏమిటి, పదిసార్లు ఖుత్బాలో విన్నాం. మన ఇంటికి రాలేదు కాబట్టి పట్టలేదు.

వాణ్ణి పిలిపించాం. మీసం కూడా సరిగా రాని పిల్లవాడు. ఎందుకు పెట్టావంటే, స్నేహితులు నవ్వుతారని పెట్టానన్నాడు. ఎవరి మీదా కోపం లేదు. నొప్పి కలుగుతుందని తోచలేదా అంటే తల వంచుకున్నాడు. అవతలి వీధికి పోయి చెబుతావా అంటే వస్తానన్నాడు. వాళ్ళ నాన్న, నేను, ఇంకో ఇద్దరం తీసుకుపోయాం.

ఈ మధ్య ఒక చెడ్డ అలవాటు వచ్చింది, మీరూ చూసి ఉంటారు. తప్పు చేసినవాణ్ణి మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, క్షమాపణ చెప్పించి, అది వీడియో తీసి వదలడం. అక్కడా ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తారు. ఆ వీధి పెద్దాయన, ఎనభైకి దగ్గర పడినవాడు, అరుగు మీద నుంచి గదిరించాడు. "ఫోన్లు లోపల పెట్టండ్రా. పిల్లోడు మనింటికి వొచ్చినాడు. కూసో అబ్బయ్యా." వాడు చెప్పాల్సింది చెప్పాడు. వాళ్ళూ నాలుగు మాటలు అన్నారు, అనాల్సినవే. మజ్జిగ తాగి వచ్చాం. ఆ క్షమాపణ ఏ ఫోన్లోనూ లేదు.

ఫీజు మళ్ళీ మొదలుపెట్టాం. కానీ మేము ఆపిన ఆ నెలలోనే పరీక్ష ఫీజు గడువు దాటిపోయింది. వాడికి ఒక ఏడు పోయింది. ఇప్పుడు చదువు పూర్తి చేసి శ్రీసిటీలో ఒక కంపెనీలో పనికి పోతున్నాడు, అల్హమ్దులిల్లాహ్. పోయిన ఆ ఏడు మాత్రం పక్క వీధివాళ్ళు తీసింది కాదు, మా తీర్మానం తీసింది. తీర్మానాల పుస్తకంలో నా సంతకం ఇప్పటికీ ఉంది. చెల్లెలి ఫొటో ఇంకా ఎవరి ఫోన్లో ఉందో మాకు తెలియదు. ఆ పిల్ల మళ్ళీ ఎక్కడా ఫొటో దిగదని వాళ్ళమ్మ చెప్పింది.

పెద్దలారా, ఈ సాయంత్రం సర్వసభ్య సమావేశం ముందుకు ఒక నిబంధన తెస్తున్నాను. సొసైటీ సాయం పొందుతున్న పిల్లలెవరైనా మాటలోనో రాతలోనో తప్పు చేస్తే, పిలిచి అడగకుండా సాయం ఆపకూడదు. ఏ పరిస్థితిలోనూ పరీక్ష ఫీజు ఆపకూడదు. ఆ స్క్రీన్‌షాట్‌ను మన గ్రూపులో పెట్టినవాళ్ళను కూడా అదే సమావేశానికి పిలవాలి. ఇది తప్పును వెనకేసుకు రావడమని కొందరు సోదరులు నాతో అన్నారు. వాళ్ళ అభ్యంతరం కూడా సాయంత్రం వినాలి, తీరిగ్గా వినాలి. పది నిమిషాల్లో తేల్చవద్దని మాత్రం వేడుకుంటున్నాను.

ఇడ్లీ బండి ఐదు నెలల తర్వాత మళ్ళీ తెరిచింది. నేను రోజూ పోతున్నాను. ఆ వారం ఎందుకు రాలేదని ఆమె నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ సంచికలో ఈ ప్రసంగం అచ్చయ్యాక ఒక కాపీ ఆమెకు నేనే తీసుకుపోయి ఇస్తాను.