అమ్మ అడిగిన లెక్క



బడికెళ్లే పిల్లలకు కూడికలు వస్తాయి. తీసివేతలు వస్తాయి. ఎక్కాలు గడగడా చెబుతారు. కానీ లెక్కను మాటల్లో ఇస్తే తడబడతారు. వాటినే రాత లెక్కలు అంటారు. ఈ లెక్కలు సాధన చేయించడానికి తల్లికి పెద్ద చదువు అక్కర్లేదు. ఎందుకో చూడండి.

ఒక ఇల్లు అనుకోండి. తల్లి కూలికి పోతుంది. రాత్రిపూట కేంద్రానికి వెళ్లి చదువు నేర్చుకుంది. కూతురు అయిదో తరగతి. ఒకనాడు ఆ పిల్ల నోటు పుస్తకం ముందేసుకుని కూర్చుంది. అందులో లెక్క ఇది:

అక్క దగ్గర 18 గాజులున్నాయి. అవి చెల్లెలి గాజుల కంటే 6 ఎక్కువ. చెల్లెలి దగ్గర ఎన్ని గాజులున్నాయి?

పిల్ల గబగబా 18, 6 కూడింది. 24 అని రాసింది.

"ఎందుకు కూడావే?" అని తల్లి అడిగింది.

"ఎక్కువ అని ఉందిగా అమ్మా! ఎక్కువంటే కూడాలి."

తల్లి వేలు పెట్టి మెల్లగా లెక్క చదివింది. "ఇద్దరిలో ఎవరికి ఎక్కువున్నాయి?" అంది.

"అక్కకి."

"మరి చెల్లెలికి 24 ఎలా వస్తాయే? అక్కను మించిపోయాయే!"

పిల్ల నాలుక కరుచుకుంది. 18లో 6 తీసేసింది. 12 వచ్చింది. 12కు 6 కలిపి చూసుకుంది. 18 సరిపోయింది.

చూశారా! తల్లి కూడమని చెప్పలేదు. తీసెయ్యమనీ చెప్పలేదు. ప్రశ్న అడిగింది, అంతే. "ఎక్కువ" అనే మాట కనపడగానే కూడకూడదు. "తక్కువ" అనగానే తీసెయ్యకూడదు. ముందు సంగతి అర్థం కావాలి.

అందుకని పిల్లల్ని నాలుగు మాటలు అడగండి.

ఒకటి: లెక్కను నీ మాటల్లో చెప్పు.
రెండు: ఏం తెలుసు? ఏం కనుక్కోవాలి?
మూడు: ఇప్పుడు ఏం చెయ్యాలి? ఎందుకు?
నాలుగు: వచ్చిన జవాబు కుదిరిందా?

నాలుగోది మరవొద్దు. 18 మంది సంతకు పోవాలి. ఆటోకు నలుగురు ఎక్కుతారు. ఎన్ని ఆటోలు కావాలి? 18ని 4తో భాగిస్తే 4 వస్తుంది. 2 మిగులుతుంది. పిల్లలు 4 ఆటోలు అంటారు. మరి మిగిలిన ఇద్దరూ నడిచి పోవాలా? 5 ఆటోలు కావాలి.

ఇలాంటి లెక్కలు కొత్తవి కావు. భాస్కరాచార్యుడు 1150లో లీలావతి అనే లెక్కల పుస్తకం రాశాడు. అందులో చాలా లెక్కలు ఒక బాలికను పిలిచి అడిగినట్టే ఉంటాయి. ఆడపిల్లకు లెక్కలెందుకు అనేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు మళ్లీ ఆ ఇంటికి రండి. ఆ తల్లికి 5,000 రూపాయల అప్పుంది. వడ్డీ నెలకు నూటికి రెండు రూపాయలు. పది నెలలైంది. వడ్డీ 1,200 అయిందని అప్పిచ్చినాయన చెప్పాడు. ఇదివరకైతే తలూపి వచ్చేసేది. ఈసారి దాన్నే రాత లెక్కగా కూతుర్ని అడిగింది.

"5,000లో ఎన్ని వందలు?"

"50."

"వందకు రెండు రూపాయలైతే?"

"నెలకు 100."

"పది నెలలకు?"

"1,000 అమ్మా!"

తల్లికి సంగతి తెలిసింది. తెల్లారి ఆ కాగితం పట్టుకుని వెళ్లింది. "అన్నా! పది నెలలేగా అయింది? ఏడాది వడ్డీ వేశారేంది?" అంది. ఆయన పుస్తకం తీసి చూశాడు. 1,200 కొట్టేసి 1,000 అని దిద్దాడు.

తల్లికి వడ్డీ లెక్క తెలుసు. పిల్లకు ఎక్కాలు తెలుసు. రెండూ కలిస్తే 200 రూపాయలు మిగిలాయి.

రోజుకు ఒక్క లెక్క చాలు. పాలు, కూలి, పొదుపు సంఘం కిస్తీ, అన్నీ లెక్కలే. పిల్లలు తప్పు చేస్తే కసురుకోవద్దు. "ఎట్లా చేశావో చెప్పు" అనండి. చెబుతూ చెబుతూ తప్పును వాళ్లే పట్టుకుంటారు.

ఈ రాత్రికి ఈ లెక్క అడగండి:

ఒక అక్క పొద్దున 4 లీటర్లు, సాయంత్రం 3 లీటర్లు పాలు పోస్తుంది. లీటరుకు 40 రూపాయలు. పది రోజులకు 2,600 ఇచ్చారు. సరిపోయిందా? లేకపోతే ఇంకా ఎంత రావాలి?