పసిపిల్లల చూపు: ఏ నెలలో ఏం గమనించాలి, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి?

పోయిన ఎపిసోడ్‌లో మెడ నిలపడం, బోర్లా పడటం, కూర్చోవడం గురించి మాట్లాడుకున్నాం కదా. అది చూసి చాలామంది తల్లులు ఒకటే ప్రశ్న అడిగారు. "డాక్టర్ గారూ, మా పాప నన్ను చూస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?" అని. చాలా మంచి ప్రశ్న. ఈ రోజు దాని గురించే చెప్పుకుందాం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను పాతికేళ్ళుగా పిల్లల డాక్టర్‌ని. అయినా సరే, మా అమ్మాయి కంటి విషయంలో నేనే పొరపాటు పడ్డాను. అదేంటో చివర్లో చెప్తాను. ఎందుకు చెప్తున్నానంటే, నాకే జరిగిందంటే మీలో ఎవరికైనా జరగొచ్చు.

బిడ్డ పుట్టినప్పుడు కన్ను ఉంటుంది గానీ చూపు పూర్తిగా ఉండదు. అప్పుడే పుట్టిన బిడ్డకి ఒక అడుగు దూరం వరకే కాస్త కనిపిస్తుంది, అది కూడా మసకగా. పాలిచ్చేటప్పుడు అమ్మ ముఖం ఉండేది సరిగ్గా ఆ దూరంలోనే. నలుపు తెలుపు బాగా తేడాగా ఉన్నవాటిని, వెలుతురుని, ముఖాన్ని చూడటానికి ఇష్టపడతారు. మొదటి రెండు మూడు నెలల్లో అప్పుడప్పుడు కళ్ళు తలా ఒక పక్కకి పోయినట్టు అనిపించినా కంగారు పడక్కర్లేదు. రెండు కళ్ళూ కలిసి పనిచేయడం ఇంకా నేర్చుకుంటున్నాయన్నమాట.

ఆరు వారాల నుంచి రెండు నెలల లోపు బిడ్డ మీ కళ్ళలోకి చూస్తుంది, మీరు నవ్వితే నవ్వుతుంది. నిద్రలో నవ్వడం వేరు, మిమ్మల్ని చూసి నవ్వడం వేరు. ఈ రెండోది ముఖ్యం. మూడు నెలలకి మీరు అటూ ఇటూ నడుస్తుంటే కళ్ళతో వెంబడిస్తుంది, తన చేతులు తానే చూసుకుంటూ ఆడుకుంటుంది. నాలుగైదు నెలలకి గిలక కనిపిస్తే చెయ్యి చాపుతుంది. ఇక్కడొక చిట్కా. గిలక చప్పుడు చేయకుండా చూపించండి. చప్పుడు చేస్తే చెవితో విని తిరుగుతుంది, మనం చూసిందనుకుంటాం.

ఆరు నెలలకి ఇంట్లోవాళ్ళెవరో, బయటివాళ్ళెవరో పోల్చుకోవడం మొదలవుతుంది. తొమ్మిది నెలలకి నేల మీద పడ్డ చిన్న బొరుగు గింజని కూడా చూసి, వేళ్ళతో ఏరుకోవడానికి ప్రయత్నిస్తుంది. ఏడాది దాటేసరికి వేలు పెట్టి చూపిస్తుంది. "అదిగో కాకి" అంటే అటు చూస్తుంది.

ఇందులో చూపు ఒక్కటే లేదు, గమనించారా? చూపు ఉంటేనే చెయ్యి చాపుతారు, అందుకోవాలనే పాకుతారు. అందుకే ఎదుగుదల ఆలస్యమైందని నా దగ్గరికి తీసుకొస్తే, నేను కాళ్ళూ చేతులతో పాటు కళ్ళు కూడా చూస్తాను.

అందరూ ఒకే రోజున ఇవన్నీ చేయరు. ఒకరు పదకొండో నెలలో నడిస్తే, ఇంకొకరు పదిహేనో నెలలో నడుస్తారు. పక్కింటి పిల్లతో పోల్చకండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే లెక్క మార్చాలి. రెండు నెలలు ముందు పుట్టి ఉంటే, నాలుగో నెలలో రెండు నెలల బిడ్డ చేసే పనులే ఎదురుచూడాలి.

ఆ పిల్లల గురించి ఇంకో ముఖ్యమైన విషయం. 34 వారాల కంటే ముందు పుట్టినా, 2 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టినా, 30 రోజుల లోపు కంటి డాక్టర్ చేత రెటీనా పరీక్ష చేయించాలి. మరీ ముందుగా, మరీ తక్కువ బరువుతో పుట్టినవాళ్ళకి ఇంకా ముందే, రెండు మూడు వారాలకే చేయించాలి. వాళ్ళ రెటీనాలో రక్తనాళాలు ఇంకా పూర్తిగా పెరిగి ఉండవు, అవి దారి తప్పి పెరిగితే చూపు పూర్తిగా పోవచ్చు. బయటికి కన్ను చక్కగానే కనిపిస్తుంది. టైమ్‌కి చూస్తే లేజర్‌తోనో ఇంజెక్షన్‌తోనో కాపాడొచ్చు. "బరువు పెరిగాక వెళ్దాంలే" అని ఆగితే ఆ టైమ్ మళ్ళీ రాదు.

ఇప్పుడు ఆలస్యం చేయకూడని లక్షణాలు చెప్తాను, రాసుకోండి. మూడు నెలలు నిండినా కళ్ళలోకి చూడకపోవడం, కళ్ళు ఉయ్యాలలా అటూ ఇటూ ఊగుతుండటం, నాలుగు నెలల తర్వాత కూడా మెల్ల కనిపించడం, అస్తమానం కళ్ళని పిడికిలితో నొక్కుకోవడం. కంటి నల్లగుడ్డు మరీ పెద్దగా, మసకగా ఉండి వెలుతురు చూడలేకపోతే అది కంట్లో ఒత్తిడి పెరగడం కావచ్చు. ఫోన్ ఫ్లాష్‌తో ఫోటో తీస్తే కంటిపాప తెల్లగా మెరిస్తే మాత్రం రేపటిదాకా ఆగొద్దు. అది శుక్లం కావచ్చు, కంట్లో గడ్డ కూడా కావచ్చు. పుట్టుకతో వచ్చిన శుక్లానికి మొదటి రెండు నెలల్లో ఆపరేషన్ చేస్తే వచ్చే చూపు, ఏడాది తర్వాత చేస్తే రాదు.

ఎందుకు రాదు? చూసేది కన్ను ఒక్కటే కాదు, మెదడు కూడా చూడటం నేర్చుకోవాలి. హ్యూబెల్, వీజెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లికూనలకి ఒక కన్ను మూసి ఉంచి, కొన్ని నెలల తర్వాత తెరిచి చూశారు. కన్ను బాగానే ఉంది, మెదడు మాత్రం ఆ కంటిని పట్టించుకోవడం మానేసింది. ఈ పరిశోధనలకే 1981లో వాళ్ళకి నోబెల్ వచ్చింది.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు "మెల్లకన్ను అదృష్టం రా" అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ అది అదృష్టం కాదు. మెల్ల ఉన్న కంటిని మెదడు వదిలేస్తుంది. అలాగే కాటుక, ఆముదం, తల్లిపాలు కంట్లో వేయకండి. ఇన్ఫెక్షన్ వస్తుంది.

ఇక మా అమ్మాయి సంగతి. మెల్ల లేదు, అన్నీ టైమ్‌కి చేసింది, బొమ్మల పుస్తకాలు గడగడా చెప్పేది. అయిదున్నరేళ్ళప్పుడు ఒక ఆదివారం కాగితం చుట్టి దుర్భిణిలా పెట్టుకుని ఆడుతోంది. కుడి కన్ను మార్చి ఎడమ కంటికి పెట్టుకుని, "నాన్నా, ఈ దాంట్లోంచి ఏం కనపడట్లేదు" అంది. కాగితంలో ఏదో అడ్డముందనుకుని ఊది ఇచ్చాను! రెండోసారి అన్నప్పుడు గానీ నాకు బుర్ర వెలగలేదు. మర్నాడు పరీక్ష చేయిస్తే ఎడమ కంటికి చాలా పవర్ ఉంది. కుడి కన్ను బాగుండటంతో ఆ ఒక్క కంటితోనే అన్నీ నెట్టుకొచ్చింది. దీన్నే లేజీ ఐ అంటారు. అద్దాలు పెట్టాం, మంచి కంటికి రోజూ రెండు గంటలు ప్యాచ్ వేశాం. రోజూ ఏడుపే. మా ఆవిడ ఒక్క మాట అడిగింది, "ఊళ్ళో పిల్లలందరినీ చూస్తారు, దీన్ని ఒక్కసారి చూపించలేకపోయారా?" అని. నా దగ్గర సమాధానం లేదు. చూపు చాలావరకు వచ్చింది, పూర్తిగా రాలేదు. మూడేళ్ళప్పుడే చూపించి ఉంటే ఇంకా తేలికయ్యేది.

అందుకే చెప్తున్నాను. బడిలో వేసే ముందు, మూడేళ్ళకి, ఏ కష్టం లేకపోయినా ఒకసారి కంటి పరీక్ష చేయించండి. అక్షరాలు రాకపోయినా ఫర్వాలేదు, బొమ్మలతో చూస్తారు, చుక్కల మందు వేసి పవర్ కొలుస్తారు. ఈ లోపు ఇంట్లో ఆటలాగా ఒక్కో కన్ను మూసి చూడండి. ఒక కన్ను మూస్తే ఊరుకుని, రెండోది మూస్తే చెయ్యి తోసేసి ఏడిస్తే, అది మొండితనం అనుకోకండి, తీసుకెళ్ళి చూపించండి.

వచ్చే ఎపిసోడ్‌లో మాటలు ఆలస్యంగా రావడం గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు. నమస్కారం.